గోడ నుంచి ముందుకు పొంగే నేత: ఫ్రేము మగ్గం మీద మొదటి పని చేసుకోవడం ఎలా?

పెద్ద హోటళ్ళ లాబీల్లోనూ, ఈమధ్య కొత్త ఫ్లాట్ల హాళ్ళలోనూ నార, నూలు, ఉన్నితో నేసిన వేలాడే పనులు కనిపిస్తున్నాయి. ఇవి గోడకు అతుక్కున్నట్టుండే తివాచీలు కావు. ఉబ్బులు, మడతలు, వాటి కింద నీడలు ఉంటాయి. చూసినవాళ్ళు లోపల దూదో స్పాంజో కూరి ఉంటారనుకుంటారు. కొందరు కూరతారు కూడా. ఇక్కడ చెప్పే పద్ధతిలో కూరేదేమీ ఉండదు. పడుగు పోగులను, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారాలను, కొన్నిచోట్ల నేయకుండా ఖాళీగా వదిలి, నేత అయ్యాక ఆ ఖాళీ మూసుకునేదాకా లాగుతాం. నిండా నేసిన భాగం పొడవు మాత్రం తగ్గదు కాబట్టి, వేరే దారి లేక ముందుకు పొంగుతుంది. అంతే సంగతి.

అందుకే ఇందులో అసలు తెలివంతా పడుగు దగ్గరే పెట్టాలి. కొత్తవాళ్ళు పేక (అడ్డంగా నేసే దారం) మీద పడతారు: లావు ఉన్ని, కుచ్చులు, పూసలు, నాలుగు రంగులు. అవన్నీ వేసినా పని బల్లపరుపుగానే ఉంటుంది, కాస్త బరువెక్కుతుంది.

నేతను చుట్టూ తిరిగి చూసే శిల్పంలా చేయాలన్న ఊపు 1960ల్లో వచ్చింది. 1962లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో మొదటి అంతర్జాతీయ టాపెస్ట్రీ (గోడకు వేలాడే నేత తెరలు) ద్వైవార్షిక ప్రదర్శన జరిగింది. అందులో పాల్గొన్న పోలండ్ కళాకారిణి మాగ్దలేనా అబకనోవిచ్, ఆ దశాబ్దం రెండో సగంలో సీసల్ నారతో మనిషికంటే ఎత్తైన రూపాలు నేసి పైకప్పు నుంచి వేలాడదీశారు. ఆమె ఇంటిపేరు మీదే వాటిని 'అబకన్లు' అన్నారు. 1969లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 'వాల్ హ్యాంగింగ్స్' పేరుతో ఈ తరహా పనులకు ప్రదర్శన పెట్టింది. మన దేశంలో, బరోడాలో చదువుకున్న మృణాళినీ ముఖర్జీ (1949–2015) మగ్గమే లేకుండా, రంగులద్దిన నార తాళ్ళను ముడి మీద ముడి వేస్తూ నిలువెత్తు శిల్పాలు కట్టారు. అంత దూరం మనం ఇప్పుడే వెళ్ళడం లేదు. 45 సెం.మీ. వెడల్పు, 67 సెం.మీ. ఎత్తు ఉండే ఒక గోడ పని చేద్దాం.

ముందు కాగితం, తర్వాతే దారం

పూర్తయ్యాక 67 సెం.మీ. రావాలంటే మగ్గం మీద 95 సెం.మీ. నేయాలి. మిగతా 28 సెం.మీ. లాగుడులో పోతుంది. ఈ లెక్క ముందే వేసుకోకపోతే సోఫా పైన మూడడుగుల పని వస్తుందనుకుంటే రెండడుగులే చేతికొస్తుంది.

వెడల్పును మూడు నిలువు భాగాలు చేయండి, ఒక్కోటి 15 సెం.మీ. మధ్య భాగం పొంగుతుంది. రెండు పక్కల భాగాల్లో ఖాళీలు వదిలి లాగుతాం. లాగేది పక్కలనే కాబట్టి అంచులు గోడకు ఆనుకుని తిన్నగా నిలుస్తాయి. మొదటిసారికి ఇదే మంచిది.

ఎత్తులో నాలుగు గదులు, వాటి మధ్యా చివర్లలోనూ నిండా నేసే అడ్డ పట్టీలు ఉంటాయి. కింది నుంచి పైకి కొలతలు ఇవి, అన్నీ సెంటీమీటర్లలో:

- అడ్డ పట్టీ: 8
- ఒకటో గది: మధ్య భాగం 16 నేత. పక్కలు 3 నేత, 10 ఖాళీ, 3 నేత
- అడ్డ పట్టీ: 5
- రెండో గది: మధ్య 16. పక్కలు 4 నేత, 8 ఖాళీ, 4 నేత
- అడ్డ పట్టీ: 5
- మూడో గది: మధ్య 16. పక్కలు 5 నేత, 6 ఖాళీ, 5 నేత
- అడ్డ పట్టీ: 5
- నాలుగో గది: మధ్య 16. పక్కలు 6 నేత, 4 ఖాళీ, 6 నేత
- అడ్డ పట్టీ: 8

ఖాళీలన్నీ కలిపితే 10+8+6+4 = 28. అన్నిటికంటే పెద్ద ఖాళీ కింద ఉంది కాబట్టి పొంగు కూడా కిందే ఎక్కువ. కింది గదిలో 16 సెం.మీ. నేత 6 సెం.మీ. చోటులోకి వచ్చి ఇరుక్కోవాలి, అందుకే అది ఆరేడు సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ కొంచెం కొంచెం తగ్గుతుంది. నాలుగు ఖాళీలూ సమానంగా పెడితే తప్పేమీ లేదు గానీ, షట్టర్ రేకులా కనిపిస్తుంది.

దారం కొనేముందు ఒక కాగితం మీద ఇదే గీసి, ప్రతి గదిలోనూ మధ్య భాగానికి రెండు వైపులా నిలువుగా కత్తిరించండి. పక్కలను వెనక్కి మడతపెట్టి నొక్కితే మధ్య భాగం ముందుకు లేస్తుంది. దాన్ని గోడకు అంటించి పక్కనుంచి టార్చి వేసి చూడండి. ఖాళీల కొలతలు మార్చుకోవాలంటే ఇదే సమయం.

సామాను

పడుగుకు: గట్టిగా పురిపెట్టిన, నునుపైన నూలు దారం, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం. దాదాపు 120 మీటర్లు పడుతుంది, 130 కొనండి. మ్యాక్రమే (ముడుల అల్లిక) కోసమని అమ్మే దారాల్లో పురి లేని ఒంటి పోగు రకం ఉంటుంది. మెత్తగా, అందంగా ఉంటుంది. పడుగుకు అది పనికిరాదు, లాగేటప్పుడు పీచు రేగి నేతలో చిక్కుకుంటుంది. రెండు చేతులతో పట్టి గట్టిగా గుంజి, వేలి గోరుతో గీకి చూడండి. పీచు లేస్తే వద్దు. జనపనార పురికొస కూడా పడుగుకు వద్దు, అది గరుకుగా ఉండి జారదు.

పేకకు: మధ్య భాగానికి జనపనార బాగుంటుంది. కాస్త బిరుసు కాబట్టి పొంగు నిలబడుతుంది. పక్కల భాగాలకూ అడ్డ పట్టీలకూ మాత్రం నూలు గానీ ఉన్ని గానీ వాడండి. పడుగు జారాల్సింది వాటిలోంచే. పేక 3 మి.మీ. మందం ఉంటే చాలు. సన్నగా ఉంటే రెండు పోగులు కలిపి వేయండి. మొత్తం కలిపి కిలోన్నర దాకా పట్టవచ్చు.

జనపనార మనకు కొత్తేమీ కాదు, ఉత్తరాంధ్రలో గోగునారా ఉంది. కోనసీమ కొబ్బరి పీచు తాడు కూడా గుర్తొస్తుంది గానీ, అది చాలా బిరుసు. ఈ కొలతలకు అది నప్పదు, రెండింతల పెద్ద పనికి చూడవచ్చు. కొత్త జనపనారకు మిల్లులో పెట్టిన నూనె వాసన ఉంటుంది. నేసే ముందు చిలపలు (దారపు చుట్టలు) విప్పి కొన్నాళ్ళు నీడలో గాలికి ఆరబెట్టండి. పని హాల్లో పెట్టాక ఆ వాసన పోగొట్టడం కష్టం.

రంగు విషయంలో నా మాట ఒకటే: మొదటి పనికి ఒకే రంగు, మహా అయితే దానికి దగ్గరగా ఉండే రెండో ఛాయ. ఇందులో నీడే రంగు పని చేస్తుంది. ముదురు ఎరుపు, నెమలి నీలం పక్కపక్కన వేస్తే కళ్ళు రంగులనే చూస్తాయి, పొంగు కనబడదు. రంగు అద్దాలంటే దారంగా ఉన్నప్పుడే అద్దండి. నేశాక తడిపితే నూలు పడుగు కుంచించుకుని కొలతలన్నీ మారిపోతాయి.

ఇంకా కావాల్సినవి: అట్ట ముక్కలు, రెండు చెక్క బద్దలు, పెద్ద మొండి సూది, కొక్కెం సూది (క్రోషే సూది), పేకను దించడానికి స్టీలు ఫోర్కు. జంపఖానాలు నేసేవాళ్ళు వాడే ఇనుప పంజా దొరికితే ఇంకా మేలు.

ఫ్రేము

లోపలి కొలత 50 సెం.మీ. వెడల్పు, 130 సెం.మీ. ఎత్తు. కర్ర కనీసం 5×4 సెం.మీ. మందం ఉండాలి. ఎందుకంత అంటే, ఒక్కో పోగు అరకిలో బలంతో బిగిసినా 90 పోగులు కలిస్తే 45 కిలోలు. సన్న కర్రలైతే మధ్యలో విల్లులా వంగుతాయి, అప్పుడు మధ్య పోగులు వదులై, అంచు పోగులు బిగుసుకుని నేత వంకర పోతుంది. నాలుగు మూలలకూ ఇనుప బిళ్ళలు వేయించండి.

పైకర్రకు 45 మేకులు, కిందికర్రకు 46, సెంటీమీటరుకు ఒకటి. అన్నీ ఒకే గీత మీద కొడితే కర్ర చీలుతుంది. ఒకటి పైకి, ఒకటి కాస్త కిందికి, రెండు వరసలుగా కొట్టండి. మేకు తల బయటివైపుకు కొంచెం వాలి ఉండాలి.

పడుగు

కింద మొదటి మేకుకు దారం కట్టి, పైన మొదటి మేకు చుట్టూ తిప్పి, కిందికి తెచ్చి రెండో మేకు చుట్టూ తిప్పి, మళ్ళీ పైకి. ఇలా చివరిదాకా. పై మేకుకు రెండేసి పోగులు వస్తాయి, మొత్తం 90. మధ్యలో ముడి అస్సలు ఉండకూడదు. దారం అయిపోతే మేకు దగ్గరే ముగించి కొత్తది అక్కడే మొదలుపెట్టండి. ఒక్క ముడి ఉన్నా ఆ పోగు నేతలోంచి జారదు.

నులక మంచం బిగింపు చూసినట్టే అరచేయి పెట్టి చూడండి: ఎక్కడ నొక్కినా ఒకేలా తిరిగి రావాలి. వదులుగా ఉన్నచోట పోగును మేకు మేకుకూ గుంజుకుంటూ చివరిదాకా సర్దాలి. తర్వాత ప్రతి పోగుకూ ఒకసారి తేనెమైనం ముక్క పై నుంచి కిందికి రాయండి. పల్చగా చాలు.

30, 60 పోగుల దగ్గర ఎర్ర దారంతో గుర్తు కట్టండి. ఆ గుర్తులే మూడు భాగాల సరిహద్దులు. ఇక నేత దారి తెరవడానికి ఒక బద్దను ఒక పోగు పైన, ఒక పోగు కింద వచ్చేలా దూర్చండి. నిలువుగా తిప్పితే ఒక దారి తెరుచుకుంటుంది. రెండో దారికి, బద్ద కిందున్న పోగులన్నిటికీ దారపు ఉచ్చులు వేసి ఇంకో కర్రకు కట్టండి, ఆ కర్ర ఎత్తితే చాలు.

నేత

కింద 12 సెం.మీ. పొడవు పడుగు ఖాళీగా వదలాలి. అంత వెడల్పున్న అట్ట ముక్కను పోగుల మధ్య దూర్చి దాని మీద నేత మొదలుపెట్టండి. తర్వాత ముడులు వేసుకోవడానికి ఈ చోటు కావాలి.

పేకను తిన్నగా లాగి దించకండి. విల్లులా వంచి వేసి, మధ్యలో రెండు మూడు చోట్ల నొక్కి, అప్పుడు ఫోర్కుతో కిందికి కొట్టండి. ఆ వంపులో ఉన్న అదనపు దారమే పడుగు పోగుల చుట్టూ తిరగడానికి సరిపోతుంది. తిన్నగా వేస్తే అంచులు లోపలికి లాక్కుపోయి 45 కాస్తా 40 అవుతుంది. పది సెంటీమీటర్లకు ఒకసారి టేపు పెట్టి చూసుకోండి. పడుగు ఎక్కడా కనిపించకుండా పేకే కప్పేయాలి. వరంగల్ కొత్తవాడ జంపఖానాల నేత కూడా ఇదే తీరు, పైకి కనిపించేదంతా పేకే. ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీలైతే ఒకటి తెచ్చుకుని అంచు, వెనకవైపు పరిశీలించండి, రాసి చెప్పేదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

అడ్డ పట్టీలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వెళ్తుంది. గది మొదలైనప్పుడు మూడు భాగాలకూ మూడు వేర్వేరు పేకలు. 30వ పోగు దగ్గరికి వచ్చిన పేక అక్కడే వెనక్కి తిరగాలి, 31వ పోగును పట్టుకోకూడదు. అలా భాగాల మధ్య నిలువు చీలిక ఏర్పడుతుంది. ఒక్కచోట పొరపాటున పక్క పోగును కలిపినా పొంగు అక్కడే ఆగిపోతుంది, కాబట్టి నాలుగు వరసలకోసారి చీలికలో వేలు పెట్టి చూడండి.

పక్క భాగాల్లో ఖాళీ వదలాల్సిన చోట అంతే ఎత్తున్న అట్టను, అంటే మొదటి గదిలో 10 సెం.మీ. అట్టను, పోగుల్లో పైకీ కిందికీ దూర్చి పెట్టండి. లేకపోతే పైన వేసిన పేకను కొట్టినప్పుడల్లా అది జారి ఖాళీని మింగేస్తుంది. అట్టలను పని దించేదాకా తీయకండి.

పేక అయిపోయినప్పుడు కొసను పడుగు పోగుకు ముడివేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఇక్కడ వద్దు. కొసను వెనకవైపు నాలుగంగుళాలు వదిలేయండి, అన్నీ అయ్యాక సూదితో పేకలోకే కుట్టేయవచ్చు. పక్క భాగాల్లో కొడుతున్నప్పుడు చేయి కూడా కొంచెం తేలిక చేయండి. మధ్య భాగంలో మాత్రం ఎంత గట్టిగా కొడితే అంత మంచిది.

ఇదంతా మొదలుపెట్టే ముందు అదే దారాలతో, చిన్న ఫొటో ఫ్రేము మీద పన్నెండు పోగుల నమూనా ఒకటి నేసి, మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి లాగి చూడండి. అక్కడ జారకపోతే పెద్దదానిలో జారదు.

దించడం, లాగడం

ముందు కింది అట్ట తీసి, కింది ఉచ్చులు కత్తిరించి, పక్కపక్క పోగులను రెండేసి కలిపి నేతకు ఆనేలా గట్టిగా ముడివేయండి. మొత్తం 45 ముడులు. లాగేటప్పుడు బలమంతా వీటి మీదే పడుతుంది, కాబట్టి రెండో ముడి కూడా వేయండి. తర్వాత పై ఉచ్చులు కత్తిరించి పనిని బల్ల మీద, ముఖం పైకి ఉండేలా పరవండి. మధ్య భాగం 30 పోగులను పైపట్టీకి ఆనేలా వెంటనే ముడివేయండి, అవి ఇక కదలవు. ఇప్పుడు అట్టలన్నీ తీసేయండి.

పై కొసలు పట్టుకుని ఒక్కసారే లాగాలని చేయి ఊరుకోదు. అలా లాగితే పోగు నాలుగు గదుల నేతనూ ఒకేసారి దాటాలి. ఒరిపిడి ఎక్కువై పేక ముద్దగా ఒకచోట చేరుతుంది. కింది ఖాళీతో మొదలుపెట్టండి. రెండో గదిలోని ఖాళీలో పోగులు బయటికి కనిపిస్తుంటాయి కదా, కొక్కెం సూదితో ఒక్కో పోగునూ అక్కడ పట్టి రెండు సెంటీమీటర్లు పైకి లాగండి. ఎడమ ముప్పై, కుడి ముప్పై అయ్యాక మళ్ళీ మొదటి నుంచి ఇంకో రెండు. ఎడమ చేత్తో నేతను కిందికి నొక్కి పట్టి ఉంచాలి. కింది ఖాళీ మూసుకుంటున్నకొద్దీ మధ్య భాగం లేస్తుంది. లోపలికి వంగబోతే వేళ్ళు కిందినుంచి పెట్టి ముందుకు తోయండి.

కింది ఖాళీ పూర్తిగా మూసుకున్నాక దాని వదులంతా రెండో ఖాళీలో చేరి ఉంటుంది. దాన్ని మూడో ఖాళీ దగ్గర పట్టి లాగండి, తర్వాత నాలుగు, చివరికి పైకొసలు. ఒక్కో పక్క పోగూ పైన 28 సెం.మీ. ఎక్కువ పొడుగు వస్తుంది. ఒక్కటి తక్కువ వచ్చిందంటే అది ఎక్కడో పట్టేసి ఉన్నట్టు, వెనక తిప్పి వెతకండి. తొందరపడితే పోగు తెగుతుంది, నిదానంగా ఒక మధ్యాహ్నం పెట్టుకోవాల్సిన పని.

అన్నీ సమమయ్యాక పక్క పోగులను రెండేసి కలిపి పైపట్టీకి ఆనేలా ముడివేయండి. మిగిలిన పొడుగు కొసలు మాత్రం కత్తిరించవద్దు, వెనక్కి మడిచి ఉంచండి.

వేలాడదీయడం, లైటు

50 సెం.మీ. పొడవు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న టేకు కర్రో స్టీలు పైపో తీసుకుని, పైపట్టీ వెనక దాన్ని పెట్టి బలమైన దారంతో సెంటీమీటరుకో కుట్టు చొప్పున కుట్టండి. పోగుల కొసలతో కట్టేస్తే కొన్నిటి మీదే బరువు పడి పైఅంచు అలలుగా వంగుతుంది. గోడలో డ్రిల్ చేసి ప్లగ్గులు పెట్టి రెండు స్క్రూలు బిగిస్తే చాలు, పని రెండు కిలోలు దాటదు. కింది అంచు తేలిపోతుంటే వెనకవైపు సన్నని ఇనుప చువ్వ ఒకటి కుట్టండి. ఇంగ్లండ్ నేతకారుడు పీటర్ కాలింగ్‌వుడ్ తన 'మాక్రోగాజ్' పనుల్లో స్టీలు కడ్డీలను నేతలోనే అడ్డంగా పెట్టి, వాటి బిగుతూ బరువుతోనే పని తిన్నగా నిలిచేలా చేశారు. దాచాల్సిన అవసరం కూడా పడలేదు.

ఎంత బాగా నేసినా ఎదురుగా ట్యూబులైటు ఉంటే పొంగు చదునుగా కనిపిస్తుంది. పైనుంచి, గోడకు దగ్గరగా, ఏటవాలుగా పడే ఎల్‌ఈడీ స్పాటు ఒకటి పెట్టించండి. వేడెక్కే పాత హాలోజన్ లైట్లు నారకు దగ్గరగా వద్దు. దీపారాధన గూడు పక్కన, వంటింటి గుమ్మం ఎదురుగా కూడా పెట్టకండి. కిటికీ ఎండ సూటిగా పడే గోడ మీద జనపనార కొద్ది నెలల్లోనే పసుపు తిరుగుతుంది.

తర్వాతి పనికి

ఇది చేతికి వచ్చాక మూడు దారులున్నాయి. ఒకటి, పడుగు పోగుల మధ్య దూరాన్నే మార్చడం. అమెరికా కళాకారిణి లెనోర్ టానీ పోగులను వరసలో పట్టి ఉంచే అచ్చును పైన తెరిచి ఉండేలా తయారుచేసుకుని, నేస్తూనే బట్టను వెడల్పు చేస్తూ, ఇరుకు చేస్తూ పోయారు. ముంబయిలో మోనికా కొరియా ఇంకో అడుగు వేసి, నేత మధ్యలో అచ్చును తీసేసి పడుగు పోగులను తమ ఇష్టం వచ్చినట్టు పక్కకు జరగనిచ్చారు. రెండోది, ఒకేసారి పొరలు పొరలుగా నేయడం. అమెరికా కళాకారిణి కే సెకిమాచి సన్నని నైలాన్ తీగతో నాలుగు పొరలు నేసి, మగ్గం నుంచి దించాక తెరిచి వేలాడదీశారు. దీనికి ఫ్రేము చాలదు, కాలితో తొక్కే మగ్గం కావాలి. మూడోది పొంగే భాగాలను గది గదికీ మార్చడం. అందులో ఒకే పోగు ఒక గదిలో జారాలి, ఇంకో గదిలో నిలవాలి, ఇది కాస్త తలనొప్పి వ్యవహారం. మూడు నాలుగు పనులు చేశాక చూసుకోండి.

చూసుకోవడం

నెలకోసారి వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పల్చని నెట్ బట్ట కట్టి, తక్కువ వేగంలో దుమ్ము తీయండి. పొంగుల కింద, చీలికల్లో ఎక్కువ చేరుతుంది. బ్రష్‌తో రుద్దితే పీచు లేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో వానాకాలం ముందూ తర్వాతా ఒకసారి దించి వెనకవైపు చూడండి, ఉన్ని వాడి ఉంటే పురుగు ముందు అక్కడే పడుతుంది. అనుమానంగా ఉంటే నాఫ్తలీన్ ఉండలను గుడ్డలో కట్టి, పనితోపాటు మూసిన పెట్టెలో పెట్టండి, నారకు నేరుగా తగలనివ్వద్దు.

వేలాడదీసిన మొదటి నెలలో బరువుకు నేత కొంచెం సాగి, కింది పొంగు దిగుతుంది. వెనక దాచిన పొడుగు కొసలు ఆ అవసరానికే. పనిని దించి బల్ల మీద పరిచి, పైముడులు విప్పి, పక్క పోగులను మళ్ళీ ఒక సెంటీమీటరు లాగి ముడివేయండి. ఆ తర్వాతే కొసలు కత్తిరించండి.